గాలి తూకం

మా ముత్తాత దాలయ్య
కళింగపట్నం గోదాంలో తూకందారు.
మాకు మిగిల్చింది ఒక ఇత్తడి తక్కెడ పళ్ళెం.
మంచమ్మీద పెట్టి, గుడ్డ పరిచి
మా ఆవిడ అందులో వడియాలు ఆరబెడుతుంది.
తాళ్ళు కట్టిన నాలుగు కన్నాల్లోంచి
నాలుగు ఎండచుక్కలు నేలమీద.

దొరలు మొదట నీలిమందు వేయించారట
వంశధార ఒడ్డున.
రెండేళ్ళు బాగానే మొలిచింది.
మూడో ఏడు కార్తీకంలో గాలివాన
తొట్టెల్నీ, తొట్టెల లెక్కల్నీ
ఒకే మూటగా సముద్రానికి మోసుకుపోయింది.
తర్వాత ఎక్కడివో పత్తిగింజలు.
మా ఎర్రనేల వాటిని మర్యాదగా మొలిపించి
మర్యాదగా చంపేసింది.

ఆఖరికి దొర గుర్రం దిగి అడిగాడట,
ఈ నేల ఏమిస్తుందని.
ఎవరో కాపు, పేరు మిగల్లేదు,
కంచెమీద ఆరేసిన గోగునార చూపించాడు.
ఆవుని కట్టే పలుపు కోసం వేసుకున్న నార!

అంతే.
చోళ్ళ మడిలో గోగు, గంట్ల గట్టున గోగు.
ఏ గుంటలో చూసినా ఊరేసిన కట్టలే.
కోడళ్ళ చేతులు మాఘం దాకా కంపు కొట్టేవి,
అన్నం ముద్ద పిల్లలు తినేవారు కాదు.

రేవు అంటారు గానీ, ఒడ్డుకి ఓడ రాదు.
మైలు దూరంలో లంగరేసి చూసేది.
మేకు లేకుండా కొబ్బరిపీచుతో కుట్టిన పడవలు
కెరటానికి ఒంగి, లేచి, మోపులు చేరవేసేవి.
పుష్యం నుంచి వైశాఖం వరకే సముద్రం మాట వినేది.
ఆ తర్వాత ఎవరి మాటా వినదు,
ధర కూడా.

చైత్రంలో హిరమండలం సంత.
పెదవులు పగిలే పడమటి గాలి.
ఇరవై మణుగులనుకున్న మోపు
పద్దెనిమిదే తూగేది.
రైతు మోపుకేసి చూసి, తక్కెడకేసి చూసి,
తన భుజాన్ని తడుముకునేవాడు.

గోదాంలో దొర హుకుం ఒకటుండేది:
రాత్రిళ్ళు సముద్రం వైపు తలుపులు
బార్లా తీసుంచాలి.
దొంగల భయం లేదా అని మా ముత్తాత అడగలేదు.
రావలసింది రావాలనే తీసిన తలుపులవి.
నెల తిరిగాక, పడవకెక్కించే తెల్లవారుజామున
అదే మోపు ఇరవై.
ఆ రెండు మణుగులూ ఏ పొలంలో పండాయో
రాయడానికి చిట్టాలో గడి లేదు.

అసిరమ్మని ఒక మనిషి.
రేవులో ఆరేసిన కోక తెల్లారేసరికి
చెమ్మగిల్లడం ఎప్పుడు గమనించిందో గానీ,
మూడు మోపులు బండికెత్తి
రెండు రోజులు ఏటి వెంబడే వచ్చింది.
రాత్రంతా గోదాం బయట, సముద్రం వైపు,
మోపుల మీదే పడుకుంది.
చీకటుండగానే తలుపు కొట్టింది.
"తూసీ బాబూ."
"పొద్దెక్కనీయమ్మా."
"పొద్దెక్కితే దొర గాలి. ఇది నా గాలి. తూసీ."

తూచాడు.
ఎంత తూగిందో తెలీదు,
చిట్టాలో ఆ కాగితం లేదు.
ఆ తర్వాత కాగితాల్లో ఆయన చేతిరాతా లేదు.

మొన్న రబీ ధాన్యం పట్టుకుని
కొనుగోలు కేంద్రానికి వెళ్ళాను.
కుర్రాడు గుప్పెడు గింజలు మిషన్లో పోశాడు.
తేమ పంతొమ్మిది. బస్తాకి రెండు కేజీలు కోత.
"సముద్రం గాలి కదండీ," అన్నాడు,
ఆ గాలిని నేనే పెంచుకుంటున్నట్టు.

అప్పుడు తేమ వాళ్ళ లాభం.
ఇప్పుడు నా నష్టం.
మధ్యలో ఎప్పుడు చేతులు మారిందో
దాలయ్యని అడగాలి.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ
ఒక వడియం విరిచి చూస్తోంది.
"ఇంకా పచ్చే," అంది.
కొంగు తీసి గాల్లోకి పట్టుకుని,
ఎటు ఎగురుతుందో చూసి,
పళ్ళెం పడమటి గోడ వైపు జరిపింది.