బంబు

ప్రాణహిత పొంగి మూడు రోజులు.
ఆలాపల్లి దిక్కు తీగలు తెగి నీళ్లల్ల వడ్డయంట,
సిరొంచల కరెంటు లేదు.
లైన్‌మన్ వాఘ్‌మారే ఫోన్ ఎత్తుతలేడు.
కరెంటు పోతె మేం మరాఠీల తిడ్తం,
ఆకలైతె తెలుగుల అడుగుతం.

పోసుబాయికి జ్వరం.
మా ఇంట్ల బ్రెడ్డంటె జ్వరమే.
పొట్లం చప్పుడైతె చాలు
గోడవతలి నుంచి అడుగుతరు
ఎవలికి పాణం బాగలేదని.

తెల్లది వద్దన్నది, కాల్చింది కావాలన్నది.
ఆమె తమ్ముడు చాందా నుంచి తెచ్చిన టోస్టరు
అల్మరల రెండు నోళ్లు తెరుచుకొని ఉన్నది.

పెరట్ల రేకుల కింద బంబున్నది.
రాగిది. మా అవ్వ పత్తి ఏరిన పైసలతోటి కొన్నది.
పొట్టనిండ నీళ్లు, నడుమ గొట్టంల మంట.
తునికి మోడు తడిసి ఒకటే పొగ.
నిరుటి ఆకు కల్లం చీటీలు వేసి ఊదిన.
కండ్లల్ల నీళ్లొచ్చినయి, పొగకే.

సైకిల్ పుల్లకు గుచ్చి మొదటి ముక్క పెట్టిన.
మంటకు ఓపిక లేదు, నాకూ లేదు.
బొగ్గైంది. కుక్కకు వేస్తె
వాసన చూసి, నా దిక్కు చూసింది.

రెండోది బూడిదల వడ్డది.

మూడోదానికి తెలిసింది:
మంట కాదు, మంట పోయినంక
గొట్టం అడుగున మిగిలే ఎర్రది కావాలె.
మరీ దగ్గర కాదు, మరీ దూరం కాదు.
అమ్మగారింటి ముచ్చట తీసినప్పుడు
పోసుబాయికి నేనెంత ఎడంగ కూసుంటనో
అంత.

అంచులు బెల్లం రంగుకొచ్చినయి.
నడుమ పుల్ల తూటు.
చక్కెర చల్లి, పళ్లెంల పెట్టి తీస్కపోయిన.

"పొగ వాసనొస్తుంది" అన్నది.
నములుతనే ఉన్నది.
చాయ్‌ల ముంచకుంటనే సగం తిన్నది.
అప్పుడు అడిగింది,
"నీళ్లు కాగినయా?"

అరె, కాగినయ్!
రొట్టె మీద వడి మరిచిన,
బంబు తనంతట తను సలసల మసులుతుంది.
బకెట్ల వట్టి, తువ్వాల తడిపి
ఆమె వీపు తుడిచిన, మెడ తుడిచిన,
వేళ్ల సందులు తుడిచిన.
ఇన్నేండ్లల్ల ఆ పుట్టుమచ్చ
ఎడమ దిక్కున్నదని నాకు యాదికి లేదు.

పొద్దుగూకినంక వాడల పోరలు
"ఆలీ, లైట్ ఆలీ" అని ఒర్రిన్రు.
బల్బు వెలిగింది.
అల్మర తెరువబోయిన నన్ను
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఆపింది.

"నిప్పున్నదా ఇంక?"
ఉన్నది గని, మిగిలింది కొసముక్క,
జ్వరమున్నోళ్లు గూడ తినరు దాన్ని.

"గదే కాల్చుకరా" అన్నది.