ముండ్లమూట

సిరొంచ టైర్ల దుకాణంల
వెంకుబాయి చిన్నమ్మ కొంగుముడి విప్పింది.
పైసలు తీస్తదనుకుని
గుండావార్ సేటు ముందుకు వంగిండు.
ముండ్లు.

సర్కారు తుమ్మవి, తెల్లగ, నా చూపుడువేలంత.
రేగువి కొంకులు, చిన్నయి,
పండ్లొస్తున్న పిల్లల కొరుకుడు లెక్క.
పరికివి రెండు.
పల్లేరుకాయలైతే కొంగుకే అతుక్కుని
రామన్నయి.
"మా చేనియి" అన్నది.
"వీటికి ఆగే టైరు ఇయ్యి."

అంకీస దాటినంక గోదారి దిక్కు
నాలుగెకరాలు, పన్నెండేండ్ల పడావు.
తుమ్మగింజ మేకల కడుపుల ప్రయాణం చేసొచ్చి
అక్కడ దిగింది.
నరికినం, కాలవెట్టినం.
కాలిన కొమ్మకు కొన మిగిలింది.
దున్నితే లోపలికి పోతది,
వాన పడితే పైకొస్తది,
ఎవరో పిలిచినట్టు.

పోయిన మృగశిరకు ఏడు పంచర్లు.
ఏడోది పెద్దటైరు, బరువుకని నీళ్ళు నింపింది.
పటకారుతో ముల్లు గుంజిన.
సన్నటి ధార సక్కగ నా నోట్లె కొట్టింది:
ఆర్నెల్ల కిందటి బోరునీళ్ళు,
రబ్బరు కంపు, గోరువెచ్చగ.
చిన్నమ్మ నవ్వింది.
పక్కచేన్ల పత్తి రెండాకులేసే యాళ్ళకు
మా బండి ఇంకా రాయి మీద మోకాలూని ఉన్నది,
అప్పుడు నవ్వలే.

సేటు వేళ్ళు మడిచి చెప్పవట్టిండు.
ఎనిమిది ప్లైది, పన్నెండు ప్లైది.
రేడియల్‌ది మెత్తగ నడుస్తది, ధర మెత్తగుండదు.
లోపల జిగురు పోస్తే చిల్లు దానంతటదే పూడ్తది,
చిన్నదైతే.
"దీనికి గ్యారంటీ ఉంది బాయి."
"దేనికి?"
"కంపెనీ తప్పు ఉంటే."
"మరి ముల్లు కంపెనీదా, నాదా?"
సేటు చాయ్ చెప్పిండు.

టైరు కిందికెళ్ళి లాలసు లేచిండు.
పంచర్ల పిల్లగాడు, అడవి లోపలి ఊరోడు,
తెలుగు ఒక్కొక్క మాట ఏరుకుని మాట్లాడతడు
తునికాకు ఏరినట్టు, చిరిగింది పక్కకు పెట్టి.
తడిచేతులు లాగుకు తుడుసుకున్నడు.
మూటలకెళ్ళి పొడుగు ముల్లొకటి తీసుకుని
టైరు అడుగున అదిమిండు. ముల్లు వంగింది.
"కింద మందం" అన్నడు.
కంపెనీ పేరు ఉబ్బెత్తుగ రాసిన పక్కగోడకు తెచ్చిండు.
"ఇక్కడ. నా దగ్గరికొచ్చేటియి అన్ని ఇక్కడియే.
ముల్లు కాదు. మోడు.
ఏటవాలు కోస్తరు గదా, అది. టైరు రాసుకుంట పోతది."

చిన్నమ్మ నా దిక్కు చూడలే.
చూస్తే బాగుండు.
ఆ మోడులన్నీ నా గొడ్డలియే.
నడుం వంచబుద్ధి గాక నిలవడి,
ఒక్క దెబ్బకు తెగాలని ఏటవాలుగ,
నాలుగెకరాల నిండ బల్లేలు చెక్కి
వాటి మీదనే బండి తోలిన.

పక్కగోడ మందమున్న పన్నెండు ప్లై జత తీసుకున్నం.
ముందు చక్రాలకు కొత్తయి వద్దన్నడు లాలసు,
పాత బస్సు టైరు కోసి లోపల తొడుగేసిండు,
సేటు మొఖం చిన్నగైంది.
తునికాకు పైసలు సగం, మిగిలింది మూడు కిస్తీలు.
"గడ్డపార ఉన్నదా?" అన్నది చిన్నమ్మ,
దుకాణం మెట్లు దిగుతుంటే. అంతే అన్నది.

ట్రాలీల టైర్ల మీద కూసుని
తొవ్వ పొడుగూత కొంగుకున్న పల్లేరుకాయలు పీకింది.
రోడ్డు మీద ఎయ్యలే.
గుప్పిట్లనే పట్టుకున్నది అంకీస దాంక,
ఇంటికొచ్చి పొయ్యిలేసింది.
అవి కాలుతుంటే నేను గడ్డపార ఎతుకుతున్న.
పిడికిలి తెరిచి
అరచేతిలో మిగిలినదాన్ని
పంటితో తీసుకున్నది.