ఇరవై లోపు

మకోఖా సైకిలు హ్యాండిల్‌కి కుడిపక్క
అగ్గిపెట్టెంత యంత్రం బిగించాను.
దాటిపోయే ప్రతి బండికీ తనకీ మధ్య
ఎంత చోటు మిగిలిందో
సెంటీమీటర్లలో రాసుకుంటుంది, అంతే.
"దీన్నెవడైనా కొట్టేస్తే నా జీతంలో కోస్తారా?"
అదొక్కటే అడిగాడు.

కరియోబాంగి బేకరీ నుంచి
నాలుగున్నరకల్లా బయల్దేరతాడు.
వెనక నూట ఇరవై రొట్టెలు,
వాటిమీద నీలం టార్పాలిన్.
బ్రేకు పనంతా ఎడమ కాలి చెప్పుది.
నైరోబీ ఇంకా ఆవలిస్తూ ఉంటుంది గానీ
జోగూ రోడ్డు మీద మటాటూలు అప్పటికే
పాటలు హోరెత్తించుకుంటూ ఒరుసుకుపోతుంటాయి.

వారం తర్వాత లెక్కలు దింపుకున్నాను.
నూట పది. ఎనభై రెండు. అరవై నాలుగు.
వాన పడ్డ మంగళవారం
నలభై, ముప్పై మూడు, ఇరవై ఆరు,
ఆ పైన ఒక ఖాళీ గడి.

ఇరవై లోపు దూరాన్ని ఈ యంత్రం చదవలేదు.
ఖాళీ గడుల్ని పొరపాట్ల కింద కొట్టేయాలని
మా ఆఫీసు నియమం.
కొట్టేస్తే సగటు బాగుపడుతుంది.

వెంట్రుకవాసిలో తప్పిందంటాం గానీ
వెంట్రుక మందం ఏ పట్టికలో ఉంది?

"మంగళవారం ఐదుంబావుకి ఏమైంది?"
మాట్లాడకుండా చొక్కా చెయ్యి మడిచాడు.
మటాటూ నడుముకుండే పసుపు పట్టీ
అతని మోచేతి మీద
ఇంకా పూర్తిగా వదల్లేదు.

కూడలిలో నిలబడి సైకిళ్లు లెక్కపెట్టే జెప్‌కొరిర్ కాగితంలో
ఈ నెల ఒక గీత తగ్గింది.
పాల క్యాన్లు మోసే న్యాంబోకే సైకిలు అమ్మేసిందట.
పడిందీ లేదు, పోలీసు పుస్తకంలోకి ఎక్కిందీ లేదు.
భయపడింది.
భయానికి మా ఫారంలో గడి లేదు.
ఇప్పుడు తెల్లారకముందే లేచి
గంటన్నర నడుస్తోంది.
ఆ మలుపు పోయినేటికన్నా క్షేమమని
నివేదిక రాసింది నేనే.

వెళ్లబోతూ మకోఖా వెనక్కి తిరిగాడు.
"ఆ రోజు బురదలో ఎన్ని రొట్టెలు పడ్డాయో రాశారా?
పదకొండు. అవి కోశారు జీతంలో."

రాత్రి ఆ ఖాళీ గడిలో
పదకొండు రొట్టెలు అని రాశాను.
కంప్యూటరు ఒప్పుకోలేదు, అంకె మాత్రమే కావాలంది.
రొట్టెలు చెరిపేసి
పదకొండు ఉంచాను.

సెంటీమీటర్లే అనుకుంటుంది అది.
అనుకోనీ.