మంచు బరువు

ప్రాజెక్టు ఎందుకు పోయిందో
ఒక పేజీలో రాసిమ్మన్నాడు చెంగల్రాయులు సారు.
శుక్రవారం లోపల. పాయింట్లుగా.
నాకు పాయింట్లు రావడం లేదు సారూ,
రెడ్డెప్ప గుర్తొస్తా ఉండాడు.

ఎయిర్ బైపాస్ రోడ్డులో టైర్ల షాపు మీద మూడో అంతస్తు,
ఏసీ నీళ్ళు పెయింటు డబ్బాలో చుక్క చుక్క పడే చోట
పదకొండు మందిమి కూర్చుని
ఎక్కడో ఉత్తరాన, పేరు సరిగా పలకలేని ఊర్లో
రోడ్ల మీది మంచు ఎత్తినాం.
లారీ ఎప్పుడు బయల్దేరాల,
ఏ వీధికి ముందు పోవాల,
ఎంత ఎత్తితే నిండినట్టు,
అంతా మా కోడే చెప్పాల.

మంచంటే మాకు తెలుసులే అనుకున్నాం.
మార్గశిరంలో చంద్రగిరి దోవన
బండి లైటు ముందర తెల్లగా నిలబడేది మంచు.
తెల్లారి చామంతుల మీద తడి, మంచు.
ఫ్రిజ్జులో పేరుకుంటే చాకుతో గీకేదీ మంచే.
అన్నిటికీ ఒకటే మాట మనకి.
ఆ మాటే ముంచింది.

ఒక ఘనపు మీటరు మంచు ఎంత బరువు?
వాళ్ళు పంపిన పట్టికలో ఆ గడి ఖాళీ.
అడిగితే ఇదీ తెలీదా అనుకుంటారని
రెడ్డెప్ప మిట్టమధ్యాన్నం బండేసుకొని
కొర్లగుంట ఐస్ ఫ్యాక్టరీకి పోయినాడు.
రంపపు పొట్టు దులిపి, దిమ్మను కాటాకెక్కించి,
టేపుతో కొలిచి,
లెక్కగట్టిన అంకె అరచేతిలో రాసుకోనొచ్చినాడు.
చెమటకి చివరి సున్నా కొంచెం అలుక్కుపోయింది.
అదే పెట్టినాం కోడులో.

రాత్రి తొమ్మిదిన్నరకి కాల్.
అవతల మార్తా చెబుతుంది, ఇవతల మేం ఊఁ కొడతాం.
మా అవ్వ కత చెప్పేటప్పుడు
ఊఁ వినపడకపోతే నిద్రపోయినామని ఆపేసేది.
ఊఁ అంటే మేలుకోనే ఉండాను, చెప్పు అని.
మార్తాకి ఊఁ అంటే సరే, చేసేస్తాం అని.
పద్నాలుగు నెలలు
ఆమె ఒప్పందాలు రాసుకుంటా పోయింది,
మేం మేలుకోనే ఉన్నాం.

ఉగాది దాటినాక రెడ్డెప్ప బెంగుళూరు పోయినాడు,
నెలకి ఏడు వేలు ఎక్కువని.
ఐడీ కార్డు, హెడ్‌ఫోన్సు, సొరుగు తాళం
అప్పజెప్పి సంతకం పెట్టినాడు.
దిమ్మ సంగతి ఏ కాయితంలోనూ లేదు.

ఆగస్టులో ఆ అంకె మార్తా కంట పడిందంట.
ఏదో కారణం ఉంటుందిలే,
లెక్కల్లో గట్టోళ్ళు కదా, అనుకుందంట.
మనకంటే తక్కువ రేటుకి ఒప్పుకున్నాళ్ళని
ఇంకేం అడుగుతాంలే అని కూడా అనుకుందేమో,
అది నేను చెప్పలేను.

తొలి మంచు పడిన రాత్రి
లారీలు పదో వంతు నిండంగానే
నిండిపోయినామని ఎనక్కి తిరిగినాయి.
ఒక డ్రైవరు వీడియో తీసి పంపినాడు.
తెర మీద మా ఎర్రక్షరాలు,
ఎనకాల ఖాళీ లారీ,
అడుగున దూది ఏకినట్టు ఏదో.
వాడు చేత్తో తీసి ఊదినాడు. ఎగిరిపోయింది.
మంచుని అదే చూడడం నేను.
ఎంత తేలిగ్గా ఉండాది సారూ!

'కమ్యూనికేషన్ గ్యాప్' అని రాసేదానికి
ఒక్క గీత చాలు, నాకూ తెలుసు.
కానీ ఆ మధ్యాన్నం బండి ఎనక కూర్చుని పోయింది నేనే.
టేపు ఆ కొస రెడ్డెప్ప పట్టుకుంటే
ఈ కొస నేను పట్టుకున్నా.
దిమ్మ మీద చెయ్యి ఆనితే వేళ్ళు కొంకర్లు పోయినాయి.
ఆకాశం నుంచి రాలేది ఇంత గట్టిగా ఉంటుందా
అని అడగబోయినా.
కాటా పిల్లోడు కరిగిపోతా ఉంది, తొందరగా కానీండి అన్నాడు.
రెడ్డెప్ప నా పక్క తిరిగి
రాసుకోనా మే? అన్నాడు.

ఊఁ అనేసినా.