ఏడో గడి

బాప్తిస్మ రిజిస్టరులో ఏడో గడి
"ఏ సినడు?" అని అడుగుతుంది.
ఇప్పుడు డయోసీసు అంటున్నారు, గడి మారలేదు.
నాన్న నాకిచ్చిపోయిన పుస్తకం అది,
అట్టకి వల దారంతో కుట్టు.
పాత పేజీల్లో ఆయన సిరా,
ఒక్క కొట్టివేత లేకుండా:
పడమటి సినడు, పడమటి సినడు.
అప్పటికి వశిష్ఠ మాకు తూర్పున పారేది.

హద్దు గీసిన పటం నేను చూశాను
నర్సాపురం ఆఫీసు బీరువాలో, కలరా ఉండల వాసనతో.
నది వెంబడే ఎర్ర పెన్సిలు,
సముద్రం దాకా ఎక్కడా చెయ్యి వణకలేదు.
గీసినవాళ్లకి నది అంటే గీత.
మా గుల్లలంకలో నది అంటే
ఈ ఏడు ఎవరి దొడ్డి తింటుందో చెప్పనిది.

ఆ పెద్ద వరదకి రెండు రాత్రుల్లో
పెద్దపాయ మా వెనక్కి వచ్చేసింది.
తెల్లారి చూస్తే
రేవు తుమ్మల దగ్గరుంది,
గుడి ఉన్నచోటే ఉంది, గంటా ఉంది,
మేం మాత్రం తూర్పోళ్లమైపోయాం.

పడమటి బిషప్పుగారి ఉత్తరం:
మీరు నది అవతల ఉన్నారు గనుక.
తూర్పు బిషప్పుగారి ఉత్తరం:
మీ పేరు మా జాబితాలో లేదు గనుక.
రెండూ "ప్రభువునందు ప్రియులారా" అనే మొదలు.
కానుకల్లో సినడు వాటా మాత్రం
ఇద్దరూ అడిగారు, ఒకే నెలలో.

పాస్టరు జయానందం గారు పడవ దిగకుండానే వివరించారు.
కొన్ని దేశాల్లో బిషప్పులది తెగని వరసట,
తలమీద చేతులు, ఆ చేతులున్న తలమీద అంతకుముందు చేతులు,
వందల ఏళ్ల వెనక్కి.
కొన్నిచోట్ల అసలు బిషప్పే లేడట, అధ్యక్షుడితో సరి.
మనకేమో చీటీలు వేసి ఎన్నుకుంటారు,
ఓడినవాళ్లు మళ్లీ లెక్కించమంటారు.
"ఏదైనా ఒకటేనండి. లూథరన్లకి
వాక్యం సరిగ్గా చెప్పి, బల్ల సరిగ్గా ఇస్తే
అదే సంఘం."
మోకాలి లోతు నీళ్లలో బిందె ముంచుతూ
సువార్తమ్మ అంది:
"ఆ బల్లేనండి మాకు రానిది. నాలుగు నెల్లైంది."

ఆ ముసుర్లోనే ఆవిడ పోయింది.
ఏసోబు గంట కొట్టాడు,
రెండు గట్లకీ వినపడింది.
ఎవరి పాస్టరు రావాలో
రెండు ఆఫీసులూ తేల్చుకునేలోగా నీరు ఎక్కుతోంది.
లెక్కలు రాసేవాణ్ణి, నేనే చదివాను పాఠం,
కళ్లజోడు మీద వాన, సగం కంఠతా, సగం తప్పు.
మన్ను మూడు పిడికిళ్లు వేశాను.
చేతులు కడుక్కుంటుంటే అనిపించింది,
నా తలమీద ఎవరూ చెయ్యి పెట్టలేదని.

ఆగమన కాలం రెండో ఆదివారం
తూర్పు బిషప్పుగారు వచ్చారు.
పడవ మేట మీద పట్టేసింది, గెడ విరిగింది.
"అయ్యగారూ, ఆ కర్ర ఇలా ఇవ్వండి"
అన్నాడు ఓలేటి పెంటయ్య.
గొర్రెల్ని కాసే కర్ర అది,
తల ఒంపు తిరిగి, పాలిష్ పెట్టిన టేకు.
ఆయన దానికేసి చూశారు, పెంటయ్యకేసి చూశారు,
ఇచ్చారు.
ఒంపు చేత్తో పట్టి, మొన బురదలో దించి,
"మొలలోతేనండి, దిగండి."
దిగారు. మడమలో గుల్ల గుచ్చుకుంది.
రక్తపు కాలితోనే రొట్టె విరిచారు.
నూట పన్నెండుమందిమి,
చివరి వరసకి ద్రాక్షారసంలో నీళ్లు కలిపారు.
మీ సంగతి కౌన్సిల్లో పెడతామన్నారు.
పెట్టారేమో. ఉత్తరం రాలేదు.
కర్రకి బురద మరక మాత్రం పోలేదని
డ్రైవరు చెప్పాడు.

నిన్న ఏసోబు మనవరాలికి బాప్తిస్మం.
పేరు కరుణాంజలి. తల్లి, తండ్రి, తేదీ,
అన్నీ నాన్న పెన్నుతోనే రాశాను.
ఏడో గడి దగ్గర చెయ్యి ఆగింది.
కిటికీలోంచి చూస్తే
పడమటి పాయలో ఇసుక తేలుతోంది,
పొట్ట తడవకుండా మేకలు దాటుతున్నాయి.
పెన్ను మూత పెట్టి
పెన్సిలు చెక్కాను.