మోకాలి సాక్ష్యం

జనవరి. పైసాందూలో ఎండ
రేకుల కప్పు మీద కూర్చుని లేవనంటోంది.
మైదానంలో గడ్డి అడ్డదిడ్డంగా పెరిగి
గోల్‌పోస్టుల చీలమండలు కప్పేసింది.
ఆటల్లేని నెలల్లో క్లబ్బంటే
ఒక బల్ల, ఆరు కుర్చీలు,
చేతులు మారే మాతే కషాయం గిన్నె,
ఒక అప్పుల పుస్తకం.

బల్ల మీద మూడు పేర్లు.
డబ్బు ఒక్క పేరుకే ఉంది,
అదీ లాటరీ టిక్కెట్లన్నీ అమ్ముడైతే.

మొదటివాడు అదేమర్ తెచేరా, గోల్‌కీపర్, ముప్పై తొమ్మిది.
గాల్లోకి ఇంకా బాగానే లేస్తాడు,
దిగడానికే ఆలోచిస్తాడు.
రెండోవాడు నదికి అవతల, అర్జెంటీనా ఒడ్డున.
జీతం కాక వంతెన దాటిన ప్రతిసారీ
పెట్రోలు ఖర్చడుగుతున్నాడు.
మూడో పేరు విల్మర్ ఎచెవెరి.
అది చదివాక కాసేపు
ఎవరూ గిన్నె అందుకోలేదు.

కొత్త కోచ్ లాప్‌టాప్ మావైపు తిప్పాడు.
ముప్పై ఆరేళ్ళు, పోయినేడు పదకొండాటలు.
పరుగు వేగం ఇదిగో ఈ ఎర్రగీత,
సంచి మోస్తూ మెట్లు దిగే మనిషిలా.
"పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళున్నారు కదా మనకి."
"ఉన్నారు. ఓడిపోతున్నప్పుడు ఏం చెయ్యాలో
వాళ్ళకెవరు చెప్తారు?"
అంది అధ్యక్షురాలు గ్రసియేలా ఇరిగోషెన్.
మాంసం కొట్టు నడిపే మనిషి.
ఎముక బరువు కూడా
ధరలో కలుస్తుందని తెలిసిన మనిషి.

అప్పుడు అందరూ నావైపు తిరిగారు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ క్లబ్బులో
కాళ్ళు పిసికేవాణ్ణి.
నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదెప్పుడూ,
కాళ్ళు మాట్లాడితే వినడమే నా కొలువు.

నిన్న సాయంత్రం వచ్చాడు విల్మర్
వెనక తలుపు నుంచి, టోపీ తియ్యకుండా.
బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టొద్దంటారు గానీ
నాకవి రెండూ ఒకే మనిషివి.
జుట్టు కళ్ళమీద పడే పదహారేళ్ళప్పుడు
ఆ కుడి మోకాలు నా అరచేతిలో
ఒలిచిన కోడిగుడ్డులా ఉండేది.
నిన్న నూనె రాసి వంచితే
లోపలెవరో తడి ఇసుకలో నడుస్తున్న చప్పుడు.
కోతల మచ్చలు లెక్కపెట్టాను.
మాంటెవిడియోలో ఒకటి, మెక్సికోలో రెండు,
ఇంకోటి ఎక్కడిదో అతను చెప్పలేదు.

"ఎన్నాటలు?" అన్నాడు.
"పన్నెండు. వానలు పడకపోతే పదమూడు."
బురద మోకాళ్ళని తినేస్తుంది, అతనికీ తెలుసు.
మేజోడు పైకి లాక్కుంటూ అన్నాడు,
"వాళ్ళకి అబద్ధం చెప్పకు.
చెప్పేటప్పుడు మాత్రం కాస్త నిదానంగా చెప్పు."

చెప్పాను. నిదానంగానే.
కోచ్ ముప్పైలోంచి పన్నెండు తీసేసి
మిగిలింది చూపించాడు.
ఇరిగోషెన్ ఆ పన్నెండునీ
మన మైదానంలో ఆటలన్నిటికీ సర్దేసింది,
గేటు డబ్బు లెక్క వేసింది.
కోశాధికారి ఏమీ వెయ్యలేదు, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
ఇరవై ఏళ్ళ క్రితం ఆ కుర్రాణ్ణి అమ్మిన డబ్బుతోనే
మేం కూర్చున్న ఈ గదికి రేకులు పడ్డాయి.
ఆ మాట పుస్తకంలో ఉంది.
ఎవరూ ఆ పుట తియ్యలేదు.

ఇంతలో కిటికీ అవతల మోటారు చప్పుడు.
"గడ్డి కొయ్యమని ఎవరు పురమాయించారు?"
ఎవరూ కాదు.
టోపీ పెట్టుకున్న మనిషొకడు యంత్రాన్ని తోస్తూ
మధ్యగీత దాకా తిన్నగా వచ్చాడు.
మావైపు చూడలేదు.
మలుపు దగ్గర మాత్రం ఎడమకాలు ఒక్క క్షణం ఆగి
కుడికాలిని ఏదో అడిగింది.
కోచ్ కూడా చూశాడది. ఏమీ రాసుకోలేదు.

గురువారానికి వాయిదా వేశారు.
గిన్నె కడిగి బయటికొచ్చాను.
కోసిన గడ్డి వాసన, మెడ మీద ఎండ.
రెండు నెలలుగా చినుకు లేదు,
పశువుల కోసం ఊరంతా ఆకాశం వంక చూస్తోంది.
నేనూ చూశాను.
నా మొక్కు ఎవరితోనూ చెప్పుకునేది కాదు.