కిలో ఇరవయ్యెనిమిది

సింగరాయకొండలో ఇనుమంటే నన్నడగాలి.
చేత్తో పట్టుకుంటే చాలు, బరువు చెప్తా.
తుప్పెంతో, సరుకెంతో
గోటితో గీకి చెప్తా.
ఇరవై రెండేళ్ళుగా నాలుగు చక్రాల తోపుడు బండి మీద
ఊరు వద్దనుకున్నదల్లా నేను కొంటన్నా.

ఒంగోల్లో ఆ ఆస్పత్రి రెండో అంతస్తులో
తెల్లచొక్కా కుర్రోడు కవరు చించకుండానే చూపించాడు:
మూరకి బెత్తెడు తక్కువ రాడ్డు, నాలుగు మరలు.
"మీ ఆవిడ తొడలోకి ఇదే."
లోపల్లోపలే తూచా.
అరకిలో ఉండదు.
"ముప్పయ్యెనిమిది వేలు" అన్నాడు,
"మన దేశంది. బయటిదైతే డెబ్బై."
నేను కొనేది కిలో ఇరవయ్యెనిమిది.
బేరమాడి బతికేవాణ్ణి.
ఆ పూట నాకు నోరు పెగల్లేదు.

టంగుటూరులో పొగాకు గ్రేడింగు వదిలాక
ఒక ఆటోలో పదకొండు మంది ఆడోళ్ళు.
వెనక బల్ల మీద, కాళ్ళు బయటికేసి, ఖాసింబి.
పాలేరు వంతెన కాడ టిప్పరు ఒరుసుకుంటా పోయింది.
నంబరు ప్లేటు నిండా కంకర దుమ్మంట.
ఏ అంకే ఎవరికీ దొరకలా.

కార్డులో కాసింబి. ఆధార్‌లో ఖాసింబి.
"ఒత్తు తేడా ఉంది బాబాయ్,
సచివాలయంలో దిద్దించుకు రా.
రేపూ ఎల్లుండీ సెలవు."
ఎముక అన్నాళ్ళు ఆగదని డాక్టరు.
మా నాయనకి ఒత్తులు పలకవు,
చచ్చేదాకా కోడల్ని కాసింబీ అనే పిలిచాడు.
ఆ ఒక్క ఒత్తుకి
లక్షా నలభై వేలు.

రేటు పెరిగిద్దని మూడేళ్ళు దాచిన రాగితీగ పోయింది.
ఇత్తడి బిందెలు పోయాయి.
అందులో ఒకటి ఆమె పుట్టింటిదని
తూకమయ్యాక గుర్తొచ్చింది.
కంపెనీ మేస్త్రి పదివేలిచ్చాడు, వచ్చే సీజను కూలీలో పట్టుకుంటాడంట.
మిగిలింది నూటికి ఐదు.

బిల్లు ఆఖర్న ఒక వరస:
దూది, గ్లౌజులు, ఇతరములు,
పదకొండు వేల నాలుగొందలు.
మా తాత దూదేకినోడు.
ఇనుం ధరే కాదు తల్లీ, దూది ధరా నాకు తెలుసు.
ఇతరములంటే ఏందమ్మా అనడిగా.
కంప్యూటర్లో అట్నే వచ్చిద్ది అందా పిల్ల,
తల ఎత్తకుండా, పాపం తనూ పన్నెండు గంటల డ్యూటీ.

నెలన్నరకి మాలకొండయ్య వచ్చాడు.
మెడకి గుడ్డ, గుడ్డలో చెయ్యి.
వెనక ట్రక్కులో తన ఆటో, ఒక ముద్ద.
"నువ్వే కొను అన్నా,
భుజానికి ఇంకా ప్లేటెయ్యాలంట."
పదకొండు మందిని ఎందుకెక్కించావురా అని
ఆస్పత్రి వరండాలో కూర్చుని
మాటలన్నీ వరసగా పేర్చిపెట్టుకున్నా.
సీటు రేకు ఊడదీస్తే
ఖాసింబి టిఫిను మూత.
అంచుకి పొగాకు జిగురు.
మాటల వరస తప్పింది.

నాకో అలవాటుంది, చెప్పుకుంటే సిగ్గు.
కొనేటప్పుడు సరుకు పళ్ళెం కిందకి
నా బొటనవేలు పోద్ది.
కిలోకి యాభై గ్రాములు, అంతే,
పిల్లల ఫీజులు ఆ యాభై గ్రాముల్లోంచే కట్టా.
ముక్కలు ముక్కలుగా ఆటోని తూస్తన్నప్పుడూ పోయింది వేలు.
కింద కాదు, పైన.
పళ్ళేన్ని అదిమి పట్టుకుంది.
మాలకొండయ్య చూశాడో లేదో.
లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు నడిచిద్ది, కొంచెం ఎడమకి ఒరిగి.
గ్రేడింగుకి పోలేదు, ఆ బల్ల ముందు గంటలు గంటలు కూర్చోలేదు.
రాడ్డు తీయించాలంటే ఇంకో పాతిక వేలంట.
"ఉండనీ, ఇంట్లో ఇంత ఖరీదు సామాను
ఇంకేముంది" అంటది.

చలికాలం తెల్లారుజామున
తొడ పట్టుకుని మూలుగుద్ది.
అరచెయ్యి ఆనిస్తా.
చర్మం, దాని కింద కండ, ఇంకా కిందెక్కడో నా సరుకు.
"ఎంత తూగిద్దయ్యా?" అంటది సగం నిద్రలో.
అరకిలో కూడా లేదులే, పడుకో అంటా.

శనివారం వడ్డీ కట్టాలి.